బావకు వారానికో వాక్యం

అల్ వక్రా, ఖతర్
శుక్రవారం

గౌరవనీయులైన బావ గంగాప్రసాద్ గారికి మీ బామ్మర్ది రాజేశం నమస్కరించి రాస్తున్నాను. నేను క్షేమం. మీరు, సుమలత అక్క, మేనకోడలు భావన బాగున్నారనుకుంటాను.

మనిద్దరం ఇకమీదట ఫోన్లో మాట్లాడుకోకూడదని అక్క పెట్టిన షరతు నాకు సమ్మతమే. పోయినసారి ఇంటి తలుపు ఏ దిక్కుకు పెట్టాలన్న దాని మీద మీరు అరిచిన అరుపులకు మా రూములో నేపాల్ అతను లేచి కూర్చుని, మా ఊళ్ళో ఎవరు పోయారని అడిగాడు. కాగితం మీద రాయాలి, పంపేముందు ఒకసారి చదువుకోవాలి, ఫోటో తీసి అక్క ఫోనుకు పంపాలి. మంచి పద్ధతి. ఊరందరికీ అర్జీలు రాసిపెట్టే చెయ్యి మీది. నాది స్టీరింగ్ పట్టే చెయ్యి. తప్పులుంటే సర్దుకోండి.

మీరు లేకపోతే నా ఇల్లు పునాది కూడా దాటేది కాదు బావా. సొంత పని మానుకుని మేస్త్రీ వెంట తిరుగుతున్నారు. దసరాకు గృహప్రవేశం అనుకున్నాం. నాకు నెల రోజుల సెలవు దొరికింది. అప్పటిదాకా విజయరాణి, పాప మెట్‌పల్లిలో వాళ్ళ అమ్మ దగ్గరే ఉంటారు. మధ్యలో మనకు మాట తేడా వచ్చి మీరు అలిగి పోతే నా దసరా పోయినట్టే. ఈ మాట దాచుకోను.

ఇక్కడి విశేషం ఒకటి. నేను కారు నడిపేది రోహేకర్ సార్‌కని చెప్పాను కదా. రోజూ అల్ వక్రా నుంచి పైకి, అల్ రువైస్ రేవు పనికి తీసుకుపోయి తెస్తాను. ఆయనది అలీబాగ్ దగ్గర పల్లె. మతానికి యూదులు. వాళ్ళ తాతలు గానుగ ఆడించేవాళ్ళట, శనివారం మాత్రం గానుగ ఆపేసేవాళ్ళట. సార్ కూడా శనివారం పెన్ను ముట్టుకోరు. వాళ్ళ ధర్మగ్రంథం పేరు తోరా. గురువారం తిరుగుదారిలో అందులో కొంచెం చదివి నాకు హిందీలో చెబుతారు. ఈ వారం చెప్పింది నాకు బాగా నచ్చింది: "నా బలంతోనే, నా చేతి సత్తువతోనే ఈ సంపదంతా వచ్చిందని మనసులో అనుకోకు." ఎంత బాగుంది!

ఇంటి ఫోటోలు పంపుతూ ఉండండి.

ఇట్లు, మీ మంచి కోరే
రాజేశం

తా.క.: సార్ హిందీలో చెప్పింది నేను తెలుగులో రాస్తున్నాను. దారిలో ఏమైనా జారిపోయి ఉంటే తప్పు నాది, దేవుడిది కాదు.

*

విషయం: శిలాఫలకం గురించి నీకు అందిన తప్పుడు సమాచారం.

చిరంజీవి రాజేశాన్ని బావ గంగాప్రసాద్ ఆశీర్వదించి తెలియజేయునది ఏమనగా,

నీ ఉత్తరం చదివాను. మీ అక్క షరతు ప్రకారం రెండోసారి కూడా చదివాను. రెండోసారి కోపం ఇంకా ఎక్కువైంది.

"నా చేతి సత్తువ అనుకోకు" అట! ఎంత తెలివిగా పొడిచావు! అవును, ఇంటి ముందు పెట్టడానికి కోరుట్లలో ఒక రాయి చెక్కించాను. అందులో నీ పేరుంది, నా పేరూ ఉంది. నా పేరు నీ పేరు కంటే పెద్దగా ఉందని ఎవడో నీకు చాడీలు మోశాడు. పెద్దగా లేదు, లావుగా ఉంది. లావుకూ పెద్దకూ తేడా తెలియని వాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. "నిర్మాణ పర్యవేక్షణ" అనే మాటకు జాగా సరిపోక నీ పేరును చెక్కేవాడే కిందికి జరిపాడు. నాకేం సంబంధం?

ఎండలో నిలబడి తలకాయ మాడ్చుకుంటున్నది నేను. ఒక రాయి మీద పేరు రాసుకుంటే నీకు అక్కడ కడుపులో మండిందా? సరే. నాకు పేరు మీద మోజు లేదని నిరూపించడానికి ఆ రాయిని పెరట్లో బట్టలుతికే బండగా వేయించాను. సంతోషమేనా?

ఇట్లు
గంగాప్రసాద్

జతపరిచినది: ఫోటో ఒకటి (నేను, నా వెనక ఇల్లు).

తా.క.: తమ్మీ, నేను మీ అక్కను. ఫోటో తీసి పంపేది నేనే గనుక కింద జర జాగ దొరికింది, రాస్తున్న. ఆ బండను ఈయన బోర్ల వెయ్యలే. పేరు పైకే ఉన్నది. రోజు ఆ పేరు మీదనే బట్టలు ఉతుకుతున్న. మస్తు మంచిగున్నది.

*

అల్ వక్రా
శుక్రవారం

పూజ్యులైన బావగారికి రాజేశం రాసేది.

నా ఉత్తరంలో శిలాఫలకం అన్న మాటే లేదు, ఇంకోసారి చూడండి. నేను రాసింది పుస్తకంలోని మాట. వాళ్ళ పద్ధతి ఎట్లాంటిదంటే, ఆ గ్రంథాన్ని ఏడాదికి సరిపోయేలా భాగాలు చేసుకున్నారు. ఏ వారం ఏ భాగమో ఎప్పుడో పూర్వమే ఖాయమైంది. అలీబాగ్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా ఆ వారం అందరూ అదే చదువుతారు. మధ్యలో సార్ ఎంచుకునేది లేదు. మిమ్మల్ని పొడవాలని అన్నేళ్ళ కిందట ఎవరనుకుంటారు బావా?

పోయిన వారం సార్ ముంబై వెళ్ళారు, అందుకే రాయలేదు. ఈ వారం భాగం న్యాయం గురించి. న్యాయమూర్తి లంచం తినకూడదనీ, యుద్ధంలో కూడా పండ్లచెట్టు నరకకూడదనీ ఉంది. అందులో ఒకటి: "పూర్వులు పాతిన పొరుగువాడి హద్దురాయిని జరపకు." పొలాలున్నవాళ్ళు ఎక్కడైనా ఒకటే అనిపించింది.

మెట్ల పని ఎంతదాకా వచ్చింది? పాప మెట్లెక్కి ఆడుకోవాలని ఇప్పటి నుంచే లెక్కలేస్తోందట. విజయరాణి చెప్పింది.

ప్రేమతో, మీ
రాజేశం

తా.క.: సార్ మీ ఫోటో చూసి "ఈయన ఇంజనీరా?" అని అడిగారు. నిలబడ్డ తీరు చూస్తే అట్లాగే ఉంది మరి. అవునన్నాను.

*

విషయం: హద్దురాయి, లియాఖత్ అలీ కుట్ర.

చిరంజీవి రాజేశానికి తెలియజేయునది ఏమనగా,

నేను ఇంజనీరునన్నందుకు మీ సార్‌కు నా నమస్కారాలు చెప్పు. మిగతా ఉత్తరం గురించి మాత్రం నాకు చాలా బాధగా ఉంది.

మొదటిది, ఆ రాయి పూర్వులు పాతింది కాదు. నేనూ మీ నాయనా పాతింది. రెండోది, నేను దాన్ని జరిపింది నా కోసం కాదు, నీ మెట్ల కోసం. మెట్లు మలుపు తిరగడానికి రెండు జానల జాగా తక్కువైంది. పక్కన లియాఖత్ అలీ స్థలం ఊరికే పడి ఉంది, పాత టైర్లు తప్ప అందులో ఏమీ లేవు. టైర్లకు రెండు జానలు తగ్గితే ఏమవుతుంది?

ఇది నీకెట్లా తెలిసిందో నేను కనిపెట్టాను. లియాఖత్ అలీ మేనల్లుడు ఇక్రాముద్దీన్ మీ దోహాలోనే ఉన్నాడు కదా! వెంటనే లియాఖత్ అలీ పంక్చర్ షాపుకు పోయి నిలదీశాను. "రెండు జానల కోసం ఖతర్ దాకా చాడీలు చెప్తవా?" అన్నాను. అతను టైరు విప్పుతున్నవాడు ఆగి "ఏ రెండు జానలు భాయ్?" అన్నాడు. ఎంత నటనో చూడు! వేపచెట్టుకు ఇటున్న రాయి అటు వేశాననీ, పొద్దున అతను లేవకముందే వేశాననీ నేనే అంతా వివరంగా చెప్పాల్సి వచ్చింది. అంతా విన్నాక కూడా ఇప్పుడే తెలిసినట్టు మొహం పెట్టాడు.

ఇప్పుడు మన మెట్ల జాగాలో నులకమంచం వేసుకుని కూర్చున్నాడు. "రాయి ఎన్కకు పొయ్యేదాక నేను లెవ్వ" అంటున్నాడు. మేస్త్రీ పని ఆపి ఇంటికి పోయాడు. దసరా దగ్గరపడుతోంది. దీనికంతటికీ కారణం నీ వాక్యం.

ఇట్లు
గంగాప్రసాద్

జతపరిచినది: ఫోటో (మేడ మీద నేను. వెనక ఊరు, మా పెరడు కూడా పడ్డాయి).

తా.క.: తమ్మీ, లియాఖత్ భాయ్‌కి నిజంగనే ఏం తెల్వదు. పాపం ఆయన మంచం మీద కూసుంటే నేనే చాయ్ పోసిన. మీ బావ చూసి, శత్రువుకు చాయ్ పోస్తవా అని నా మీద లేచిండు. చాయ్ మాత్రం ఆయనకు కూడ గా గిన్నెల నుంచే పోసిన.

*

అల్ వక్రా
శుక్రవారం

బావగారికి రాజేశం వేడుకుని రాసేది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇక్రాముద్దీన్‌ను నేను చూడనైనా చూడలేదు. దయచేసి ఆ రాయిని పాతచోటే పెట్టించండి. మెట్లు ఇరుకైతే ఇరుకే. మేం సన్నగానే ఉన్నాం. లియాఖత్ అలీ పక్కింటాయన. మేం రేపు అక్కడ కాపురం పెడితే ముందు పలికే మనిషి ఆయనే. నేను ఇక్కడుంటాను. పాపకు జ్వరమొస్తే విజయరాణి ఎవరి తలుపు కొట్టాలి బావా?

మీరు నా మీద కోపంతో మేస్త్రీని పూర్తిగా పంపేస్తారేమోనని భయంగా ఉంది. అందుకే ఈ వారం రాయకుండా ఊరుకుందామనుకున్నాను. కానీ ఇది ఇంటి గురించే, రాయక తప్పడం లేదు. "కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టు. ఎవరైనా అక్కడి నుంచి పడితే ఆ నెత్తురు నీ ఇంటి మీద ఉంటుంది." అన్ని వేల ఏళ్ళ కిందట మేడ మీద పిట్టగోడ గురించి రాసిపెట్టారు! సార్ చదువుతుంటే నేను కారు కొంచెం నెమ్మది చేశాను. పాపకు మేడెక్కాలని ఎంత సరదానో మీకు తెలుసు.

మీ
రాజేశం

తా.క.: అదే భాగంలో ఇంకోటి ఉంది, సార్‌కు ఇష్టమైనది. "బాటలో నీ తోటివాడి గాడిద బరువుతో కూలబడితే చూడనట్టు తప్పుకుని పోకు. అతనితో కలిసి లేపు." మన ఊళ్ళో గాడిదల్లేవు కాబట్టి దీంతో గొడవ రాదని రాస్తున్నాను.

*

విషయం: సార్ గారి దివ్యదృష్టి.

చిరంజీవి రాజేశానికి తెలియజేయునది ఏమనగా,

పిట్టగోడ సంగతి ముందు తేలుద్దాం. దాని ఇటుకలు ఏమయ్యాయని నువ్వు అడగలేదు, కానీ అడిగినట్టే ఉంది. అవి ఎక్కడికీ పోలేదు. మా బర్రెల కొట్టంలో భద్రంగా ఉన్నాయి. వానకు పాడవకుండా వరుసగా పేర్చాను. పేర్చినవి పడిపోకుండా మధ్యలో కొంచెం సిమెంటు పెట్టాను. దాన్ని గోడ అనేవాళ్ళు అనుకోనీ. ఇంకో వాక్యం వస్తే ఇల్లు ఇట్లాగే వదిలేసి పోతానని రాద్దామని కాగితం తీశాను కూడా.

అప్పుడే నీ తాజా కలం చదివాను రాజేశం. ఆ బెదిరింపు రాయడం మానేశాను.

మంగళవారం పొద్దున, మంచం మన మెట్ల దగ్గరే వదిలి షాపు పని మీద పోయిన లియాఖత్ అలీ ట్రాలీ ఆటో కాలువ కట్ట మీద టైర్ల బరువుకు పక్కకు ఒరిగిపోయింది. అతను ఒక్కడే నెట్టలేక అవస్థ పడుతున్నాడు. నేను బండి మీద వస్తూ చూశాను. చూసి, కాలువలో నీళ్ళెంత ఉన్నాయో చూస్తున్నట్టు మొహం అటు తిప్పుకుని పోయాను. అక్కడ అతను, నేను తప్ప పురుగు లేదు. అతను తల వంచుకుని నెడుతున్నాడు. నేను మీ అక్కకు కూడా చెప్పలేదు. మరి ఖతర్‌లో ఎట్లా తెలిసింది?

ఇక నాకు అర్థమైంది. గూఢచారి ఎవడూ లేడు. మీ సార్‌కు కనిపిస్తోంది. అనవసరంగా అనుమానపడ్డాను, క్షమించమని చెప్పు.

సంగతి ఊళ్ళో తెలిసిపోయింది. మన వీధి ఎల్లవ్వ వచ్చి "నా మేక పోయి వారమాయె. దుబాయ్ సారును అడుగు బిడ్డా, ఏడున్నదో" అంటోంది. నర్సింగ్ తన వీసా ఎప్పుడొస్తుందో అడగమన్నాడు. నీ ఇంటి అరుగు మీద కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళ ప్రశ్నలు వింటున్నాను. ఒక్కొక్కరు కొబ్బరికాయతో వస్తున్నారు. నేను అడగలేదు. ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళను కాస్త ఆగమంటున్నాను, అంతే.

సార్ వచ్చే వారం ఏం చెప్పబోతున్నారో ముందే కనుక్కుని రాయి. సర్దుకోవడానికి టైం కావాలి.

ఇట్లు, భయభక్తులతో
గంగాప్రసాద్

జతపరిచినది: ఫోటో (అరుగు మీద నేను, భక్తులు).

తా.క.: తమ్మీ, సారుకు అన్ని కనబడ్తయి గద. మంగళవారం ఈయన అంగడికని చెప్పి పోయిండు. కాలువ కట్ట అంగడి బాట కాదు, కల్లు మండువ బాట. ఎంత తాగిండో సారును అడిగి చెప్పు.

*

అల్ వక్రా
శుక్రవారం

బావగారికి రాజేశం దండం పెట్టి రాసేది.

మీ ఉత్తరం సార్‌కు చదివి వినిపించాను. షమాల్ రోడ్డు మీద ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రాజేశం, ఈ కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో నాకు పొద్దున కనపడదు. మీ కాలువ ఎట్లా కనపడుతుంది?" అన్నారు. దివ్యదృష్టి లేదు బావా. నమ్మకపోతే భావనను ఫోన్లో చూడమనండి, ఏ వారం ఏ భాగమో దొరుకుతుంది. తోరా అంటే మన ఊరి చర్చిలో ఉండే తెలుగు బైబిలులో మొదటి అయిదు పుస్తకాలే.

నవ్వు ఆగాక సార్ గట్టిగానే ఒక మాటన్నారు. సోదె చెప్పేవాళ్ళ దగ్గరికి, జోస్యగాళ్ళ దగ్గరికి పోవద్దని ఆ పుస్తకంలోనే ఉందట, హద్దురాయి ఉన్న భాగంలోనే. కాబట్టి కుర్చీ లోపల పెట్టేయండి. కొబ్బరికాయలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి.

ఎల్లవ్వ మేక ఎక్కడుందో సార్‌కు తెలియదు. తప్పిపోయిన పశువు కనబడితే చూడనట్టు పోకూడదు, యజమాని అడిగేదాకా కాపాడి అప్పగించాలి అని మాత్రం ఉందట. ఎల్లవ్వకు అదే చెప్పండి.

ఈ వారం భాగంలో శాపాలు ఎక్కువ. రాయడం లేదు.

రాయి సంగతి, పిట్టగోడ సంగతి ఏమైందో చెప్పండి. దసరా ఎంతో దూరం లేదు. మేస్త్రీ వచ్చాడా?

మీ
రాజేశం

తా.క.: కల్లు లెక్క సార్‌కు తెలియదని అక్కకు చెప్పండి. నాకు తెలుసు, కానీ నేను చెప్పను.

*

విషయం: నువ్వు దాచిన రెండు వాక్యాలు.

చిరంజీవి రాజేశానికి తెలియజేయునది ఏమనగా,

నీ ఉత్తరాన్ని అరుగు మీద అందరి ముందూ చదివాను. తప్పిపోయిన పశువు మాట దగ్గరికి వచ్చేసరికి నర్సింగ్ మొహం పాలిపోయింది. లేచి పోయి, వాళ్ళ దొడ్లో కట్టేసిన మేకను తెచ్చి ఎల్లవ్వ చేతిలో పెట్టి, "నాకు వీసా రాకున్నా మంచిదే" అని వెళ్ళిపోయాడు. ఇంత జరిగాక దివ్యదృష్టి లేదంటే ఎవరు నమ్ముతారు? అయినా కుర్చీ లోపల పెట్టాను. కొబ్బరికాయలు తిరిగి ఇస్తుంటే ఎవరూ తీసుకోవడం లేదు.

నేను లియాఖత్ అలీ దగ్గరికి పోయాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, "ఆ రోజు కట్ట మీద నిన్ను చూసి చూడనట్టు పోయిన" అన్నాను. "నేను చూసిన భాయ్, మీరు చూసి పోయింది నేను చూసిన" అన్నాడు. తర్వాత గడ్డపార తెచ్చాడు. రాయిని కలిసే పీకి, కలిసే పాతాం. కొట్టంలో నేను భద్రపరిచిన ఇటుకలను అతని ట్రాలీలోనే తెచ్చాం. పిట్టగోడ లేచింది. నా నడుము దాకా వస్తుంది. పాప తల కూడా పైకి కనపడదు. మెట్లు ఇరుకే. మీ పెద్దమ్మ లాంటివాళ్ళు పక్కకు తిరిగి ఎక్కాలి.

ఇప్పుడు అసలు సంగతి. భావన ఫోన్లో ఏ వారం ఏ భాగమో చూపించింది. చర్చి నుంచి తెలుగు బైబిలు అడిగి తెచ్చుకుని పిట్టగోడ ఉన్న భాగం మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఎన్ని ఉన్నాయి రాజేశం! ఉన్నీ నారా కలిపి నేసిన బట్ట కట్టకూడదు. పక్షి గూట్లో తల్లినీ పిల్లలనూ కలిపి పట్టకూడదు. నూర్చే ఎద్దుకు చిక్కం వేయకూడదు. దొంగ తూకంరాళ్ళు ఉంచుకోకూడదు. చదివి చదివి కళ్ళు లాగాయి. ఇంత పెద్ద రాశిలోంచి నువ్వు పిట్టగోడనే ఏరావు. ముందు వారం అంత న్యాయశాస్త్రంలోంచి హద్దురాయినే ఏరావు. వారం వారం భాగం ఖాయమే, ఒప్పుకుంటాను. ఏరేది మాత్రం నువ్వు! అంటే నీకు ఎవరో చెబుతున్నారు. ఆ చెప్పేది ఎవరో కూడా తెలుసు, ఈ కాగితం కింద ప్రతిసారీ జాగా వెతుక్కునే మనిషే. నిన్నటి నుంచి నేను మీ అక్కతో మాట్లాడడం లేదు.

అయితే ఏరినవాడివి పూర్తిగా ఏరలేదు. పిట్టగోడ భాగంలోనే ఉంది: కొత్తగా పెళ్ళైనవాడు ఏడాది పాటు యుద్ధానికి పోకూడదు, ఏ పనీ నెత్తిన వేయకూడదు, ఇంట్లో ఉండి భార్యను సంతోషపెట్టాలి. ఇది నాకెందుకు రాయలేదు? పెళ్ళైన నెలకే విమానం ఎక్కింది ఎవరు? తర్వాత నువ్వు రాయని శాపాలు చదివాను. అందులో ఒకటి: ఇల్లు కడతావు, అందులో ఉండవు. దాన్ని వాళ్ళు శాపం అన్నారు. మనం గల్ఫ్ ఉద్యోగం అంటున్నాం.

నేను ఎగతాళికి రాయడం లేదురా. రోజూ నీ ఇంట్లో తిరిగేది నేను. కిటికీ తెరిచి చూసుకునేది నేను. దసరాకు వస్తావు, పాలు పొంగిస్తావు, నెలకు తాళంచెవి నా చేతిలో పెట్టి పోతావు. ఎవరి కోసం కట్టించినట్టు? నాకు బాధగా ఉంది.

ఇట్లు
గంగాప్రసాద్

జతపరిచినది: ఫోటో (పిట్టగోడ దగ్గర నేను, లియాఖత్ అలీ).

తా.క.: తమ్మీ, నేను నీకు ఏం చెప్పలే, నువ్వన్న చెప్పు ఈయనకు. మాటలు బంద్ చేసిండు గని తిండి బంద్ చెయ్యలే. వారం సంది ఇంట్ల అన్నంలకు కొబ్బరి తొక్కే. ఇంకో మాట. నిన్న విజయరాణి ఇల్లు చూస్తందుకు వచ్చింది. ఈ ఉత్తరం చదివింది. బకెట్ పట్టుకొని పోయి పిట్టగోడకు నీళ్ళు కొట్టింది. చీకటి పడేదాక కొట్టుకుంటనే ఉన్నది.

*

అల్ వక్రా
శుక్రవారం

ప్రియమైన బావకు రాజేశం రాసేది.

ముందు అక్కతో మాట్లాడండి. ఆమె నాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పింది మీరే.

ప్రతిసారి ఫోటోలో మీరు ముందు నిలబడ్డారు. మీ వెనక ఏముందో మీరు చూసుకోలేదు. నా మొదటి ఉత్తరానికి ముందు అక్క పంపిన ఫోటోలో మీ మోచేతి పక్కన శిలాఫలకం గోడకు ఆనించి ఉంది. లావుగానే ఉంది, నిజమే. తర్వాతి దాంట్లో హద్దురాయి వేపచెట్టుకు అటు చేరింది. మేడ మీద మీరు నడుము మీద చెయ్యి వేసుకుని అంచున నిలబడ్డ ఫోటోలో పిట్టగోడ లేదు, వెనక మీ పెరట్లో బర్రెల కొట్టానికి మాత్రం కొత్త గోడ ఉంది. ఇటుకల రంగు కూడా అదే. సూటిగా అడిగితే మీకు కోపమొస్తుంది. కోపమొస్తే మీరు పోతారు, ఇల్లు ఆగిపోతుంది. నా నోటితో అనలేక పుస్తకం నోటితో అనిపించాను. ఏరింది నేనే.

ట్రాలీ ఒక్కటి నాకు తెలియదు. ఒట్టు. సార్‌కు ఇష్టమని ఊరికే రాశాను. మీ జవాబులో ఆ ముక్క దగ్గర మాత్రం సార్ నవ్వు ఆపి, ఇంకోసారి చెప్పించుకున్నారు.

ఇక మీరడిగిన రెండు. అవి నాకు తెలియక కాదు బావా. కొత్త పెళ్ళికొడుకు మాట సార్ చదివినప్పుడు నేను రేడియో సౌండు పెంచాను. ఇల్లు కట్టి ఉండని శాపం చదివినప్పుడు సార్ తనే పుస్తకం మూసేశారు. "నా ఇల్లు కూడా అలీబాగ్‌లో తాళమేసి ఉంది రాజేశం" అన్నారు. అది మీకు రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

మీ ఉత్తరం, అక్క రాసిన బకెట్ సంగతి చదివాక ఆఫీసుకు పోయి ఏడాది సెలవు అడిగాను. మేనేజరు కాగితం మీద నుంచి తలెత్తకుండానే "మాఫీ" అన్నాడు, లేదు పొమ్మని. ఆరు నెలలు దాటి బయట ఉంటే ఇక్కడి పర్మిట్ కూడా చెల్లదట. సార్ లోపలికి పోయి మాట్లాడారు. జీతం లేకుండా హోలీ దాకా ఇచ్చారు. ఏడాది కాదు. పెళ్ళైన కొత్తలో ఇవ్వాల్సింది ఇప్పుడు ఇస్తున్నాను, అదీ సగమే. పుస్తకం ప్రకారం చూస్తే ఇది చెల్లదు. కానీ నా చేతిలో ఉన్నది ఇంతే.

తాళంచెవి మీకు ఇవ్వను బావా. హోలీ దాకా కిటికీలు మేమే తెరుస్తాం. ఆ తర్వాత విజయరాణే తెరుస్తుంది. నేను మళ్ళీ రావాలా, అక్కడే ఏదైనా బండి చూసుకోవాలా అన్నది ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదు.

ఈ ఉత్తరం ఆమెకు మీరు చదివి వినిపించకండి. చేతికివ్వండి.

దసరాకు వారం ముందే దిగుతున్న
మీ రాజేశం

తా.క.: భార్యను సంతోషపెట్టాలని ఉంది కదా, అదెట్లాగో కూడా పుస్తకంలో రాశారా అని సార్‌ను అడిగాను. కొన్ని పేజీలు తిరగేసి, "అది ఇందులో లేదు రాజేశం. ఇంటికి పోయి ఆమెనే అడుగు" అన్నారు.